మా చర్చి పేర్ల ఉన్న ‘మెనో’ ఎవరు? ఆయన లెక్క బాప్తిస్మం తీసుకున్నోళ్లను సర్కార్లు ఎందుకు సంపినయి?

పాలమూరు_పోరడు
మాది మహబూబ్‌నగర్ దిక్కు. ఇంట్ల అందరం ఎం.బి. చర్చికే పోతం. ఎం.బి. అంటే మెనొనైట్ బ్రెదరన్ అని బోర్డు మీద ఉంటది గాని ఆ మెనొనైట్ అంటే ఏందని చిన్నప్పటి సంది ఎవ్వరం అడగలే. నాకు 17 ఏండ్లప్పుడు మా ఊరి చెర్వుల బాప్తిస్మం ఇచ్చిన్రు. ఎండాకాలం, నీళ్లు మోకాళ్ల దాకనే ఉన్నయి, పాస్టరుగారు ఇంకా లోపలికి రా ఇంకా లోపలికి రా అనుకుంట నడుముల దాక తీస్కపోయి ముంచిండు. మా అమ్మ తువ్వాల పట్టుకొని ఒడ్డున నిలవడ్డది.

మొన్న మా చిన్నాయన కొడుకు ఒక రాయి ఫోటో పంపిండు. ఏదో దేశంల ఏటి ఒడ్డున పెట్టిన రాయి. పెద్దగయినంక బాప్తిస్మం తీసుకున్నోళ్లను గీడనే ముంచి సంపిన్రు అని రాసిండు. సంపింది దొంగలు గాదు, ఊరి కౌన్సిలంట, తీర్పు సదివి మరీ. క్యాథలిక్కులు గూడ గాదు, పోపును కాదని సంస్కరణ తెచ్చినోళ్లేనంట. సండే స్కూల్ల ఆ సంస్కరణ మొదలువెట్టిన లూథర్ గురించి ఎంత చెప్పిన్రో, గీ సంగతి మాత్రం ఒక్కరు చెప్పలే. నేను అడిగేది ఒక్కటే, పెద్ద మనిషి తన ఇష్టంతోని నీళ్లల్ల మునిగితె సర్కారుకు పోయేదేంది?

కొత్త_ఆవకాయ
మెనో సైమన్స్ అని ఫ్రీస్‌లాండ్‌లో, అంటే ఇప్పటి నెదర్లాండ్స్ ఉత్తరాన, క్యాథలిక్ ఫాదర్. 1531లో ఆ ప్రాంతంలోనే లేవార్డెన్‌లో ఒక దర్జీని రెండోసారి బాప్తిస్మం తీసుకున్నాడని తల నరికారు. ఆ కబురు చెవిన పడ్డాక రెండోసారి బాప్తిస్మం ఏంటబ్బా అని ఈయన బైబిల్ తిరగేయడం మొదలెట్టాడు, 1536లో ఫాదర్ పని వదిలేశాడు. 1542లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఈయన్ని పట్టిస్తే 100 గిల్డర్లు ఇస్తానని చాటింపు వేయించాడు. చివరిదాకా దొరకలేదు, 1561లో ఇంట్లోనే చనిపోయాడు. ఆయన పేరు మీదే మెనొనైట్లు.

లిమ్మత్_ఒడ్డున
ఆ రాయి జ్యూరిక్‌లో ఉంది తమ్ముడూ. లిమ్మత్ ఏటి గట్టున, షిప్ఫె అనే పాత వీధిలో. నేను ఉద్యోగానికి ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు, రోజూ దాని పక్కనుంచే నడిచేవాణ్ణి, రెండేళ్లపాటు దాని మీద ఏముందో చదవనేలేదు. ఫెలిక్స్ మాంట్స్‌నీ ఇంకో ఐదుగురినీ 1527 నుంచి 1532 మధ్య ఈ ఏటి నడుమ ముంచి చంపారనీ, చివరగా 1614లో హాన్స్ లాండిస్‌ని చంపారనీ ఉంటుంది. 2004లో పెట్టారు.

ఈ మాంట్స్ ఎవరో బయటివాడు కాదు, జ్యూరిక్ సంస్కర్త ఉల్రిక్ జ్వింగ్లీ దగ్గర కూర్చుని బైబిల్ చదివిన కుర్రాళ్లలో ఒకడు. హీబ్రూ బాగా వచ్చు. చదవగా చదవగా పసిబిడ్డలకి బాప్తిస్మం ఇమ్మని ఇందులో ఎక్కడుంది, నమ్మినవాడే కదా తీసుకోవాలి అన్నారు. జ్వింగ్లీ మాత్రం ఏ మార్పైనా కౌన్సిల్ ఒప్పుకున్నాకే అనేవాడు. 1525 జనవరి 17న కౌన్సిల్ ముందు వాదన పెట్టారు, తీర్పు జ్వింగ్లీ వైపు. మరుసటి రోజే ఆర్డరు, ఎనిమిది రోజుల్లో పిల్లలకి బాప్తిస్మం ఇప్పించాలి, లేదంటే కుటుంబంతో సహా ఊరు వదలాలి. జనవరి 21 రాత్రి మాంట్స్ వాళ్లమ్మ ఇంట్లో పది పదిహేనుమంది చేరారు. వాళ్లలో కోన్రాడ్ గ్రేబెల్ అనే అతను లేచి గియోర్గ్ బ్లౌరోక్‌ అనే అతనికి బాప్తిస్మం ఇచ్చాడు, బ్లౌరోక్ మిగతావాళ్లకి. పెద్ద చర్చికి కూతవేటు దూరంలో ఆ ఇల్లు.

తర్వాత జైలు, విడుదల, మళ్లీ జైలు. 1526 మార్చి 7న ఇకమీద ఎవడైనా రెండో బాప్తిస్మం ఇస్తే నీళ్లలో ముంచేస్తామని ఆర్డరేశారు. అదే రోజు వీళ్లని గడ్డి, రొట్టె, నీళ్లతో బురుజులోనే కుళ్లి చావమని లోపలేశారు, రెండు వారాలకి కిటికీలోంచి దిగి తప్పించుకున్నారు. డిసెంబర్‌లో మాంట్స్ మళ్లీ దొరికాడు. 1527 జనవరి 5, శనివారం మధ్యాహ్నం, ఏటి మధ్యలో ఉండే వెల్లెన్‌బెర్గ్ బురుజు నుంచి తీసుకొచ్చి చేపల బజారులో శిక్ష చదివి పడవెక్కించారు. చేతులు కట్టి మోకాళ్ల మీదుగా కిందికి లాగి, మోకాళ్ల వంపుకీ చేతులకీ మధ్య ఒక కర్ర దూర్చారు, ఇక కాలూ చెయ్యీ విదిల్చే వీలు లేదు. వాళ్లమ్మ, తమ్ముడు గట్టు మీదనుంచి ధైర్యం విడవొద్దని అరుస్తూనే ఉన్నారట. నీ చేతికి నా ఆత్మని అప్పగిస్తున్నాను అని లాటిన్‌లో పాడుతుండగా తోసేశారు. ఆస్తి కౌన్సిల్ జప్తు చేసుకుంది.

నువ్వు చెరువు ఒడ్డున మీ అమ్మ తువ్వాలతో నిలబడిందని రాశావు చూడు, అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

పాలమూరు_పోరడు
అన్నా నా దగ్గర మాటల్లేవు. ఆ తల్లి ఒడ్డున ఉన్నదా.

జనన_మరణ_సెక్షన్
తమ్ముడు అడిగిన ప్రశ్నకి నేను చెప్తా, నా ఉద్యోగం అలాంటిది, పదిహేడేళ్లుగా పురపాలక ఆఫీసులో జనన మరణాల రిజిస్టర్ చూస్తున్నా. మన దగ్గర బిడ్డ పుడితే ముందు బర్త్ సర్టిఫికెట్ కదా, స్కూలైనా ఆధారైనా పాస్‌పోర్టైనా దాన్నుంచే మొదలు. ఆ కాలం యూరప్‌లో ఆ పని చేసింది బాప్తిస్మం. బిడ్డ మీద నీళ్లు పడ్డాయంటే చర్చి మనిషి అయ్యాడు, అదే దెబ్బకి ఊరి మనిషీ అయ్యాడు, రేపు పన్ను కట్టేవాడు, యుద్ధమొస్తే ఈటె పట్టేవాడు. చర్చి వేరు ఊరు వేరు అనే ఆలోచనే లేదు. ఒకాయన లేచి నా బిడ్డకి వద్దు, పెద్దయ్యాక వాడే తేల్చుకుంటాడు అన్నాడంటే కౌన్సిల్ చెవికి అది మతం మాటలా వినపడదు, మీ రిజిస్టర్‌లో నా బిడ్డ పేరు రాయను అన్నట్టు వినపడుతుంది.

ఊరికే పోలిక కోసం చెప్పట్లేదు, జ్యూరిక్‌లో బాప్తిస్మాల రిజిస్టర్ తప్పనిసరి చేసింది 1526లోనే. ఎవరింట్లో బిడ్డ పుట్టి పేరు ఎక్కలేదో చూస్తే వీళ్లెవరో తెలిసిపోతుందని. రోజూ రిజిస్టర్ రాసేవాణ్ణి, అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

గుంటూరు_లూథరన్
అంతా ఒకవైపే చెప్తున్నారండి. మ్యూన్‌స్టర్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1534లో అదే అనాబాప్టిస్టులు, అంటే పెద్దయ్యాకే బాప్తిస్మం అనేవాళ్లు, జర్మనీలో ఆ ఊరిని చేతిలోకి తీసుకుని, బాప్తిస్మం తీసుకోనివాళ్లని ఫిబ్రవరి చలిలో బయటికి గెంటారు. యాన్ ఫాన్ లైడెన్ అనే ఆయన తనకి తానే రాజునన్నాడు, ఒక్కో మగాడికి ఒకరికి మించి పెళ్లాలు, ఎదురుచెప్పినవాళ్లకి మరణశిక్ష. బిషప్ ముట్టడి వేస్తే లోపల జనం ఆకలికి చచ్చారు. 1535 జూన్‌లో ఊరు పడిపోయింది, 1536 జనవరిలో ముగ్గురు నాయకుల్ని కాల్చిన పట్టకార్లతో హింసించి చంపి శవాల్ని ఇనప బోనుల్లో చర్చి గోపురానికి వేలాడేశారు, ఆ బోనులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ శిక్ష మంచిదని నేననను. కానీ ఇది చూసిన ఏ ప్రభుత్వమైనా భయపడదా? మా లూథర్ కూడా మొదట్లో, 1528లో, ఇలాంటివాళ్లని చంపడం సరికాదు, ఎవరి నమ్మకం వాళ్లదే అని రాశాడు. తర్వాత మారాడంటే కారణం ఉండే ఉంటుంది కదండి.

లా_పాయింట్
గుంటూరు గారూ, తేదీలు వరసగా పెట్టి చూడండి. మ్యూన్‌స్టర్ 1534. స్విస్‌లో ష్వీట్స్ దగ్గర ఎబర్లీ బోల్ట్‌ని తగలబెట్టింది 1525 మేలో. మాంట్స్ 1527 జనవరి. వీళ్ల నాయకుడు మైకేల్ సాట్లర్‌ని జర్మనీలో రాటెన్‌బుర్గ్‌లో నాలుక కోసి, ఒళ్లు పట్టకార్లతో చీల్చి తగలబెట్టింది 1527 మే, రెండు రోజులకి ఆయన భార్య మార్గరెత్తాని నెక్కార్ ఏటిలో ముంచారు. ఈ సాట్లర్ కత్తి పట్టకూడదని చెప్పిన మనిషి, టర్కులు వచ్చినా నేను వాళ్లమీద యుద్ధం చేయను అని కోర్టులోనే అన్నాడు. 1528లో స్వాబియా లీగ్, అంటే దక్షిణ జర్మనీ రాజుల, పట్టణాల కూటమి, వీళ్లని వెతికి పట్టుకోవడానికి 400 మంది గుర్రపు సైనికుల్ని పంపింది. ఇదంతా మ్యూన్‌స్టర్‌కి ఎన్నో ఏళ్ల ముందు. మ్యూన్‌స్టర్ భయం పెంచింది, కాదనను. కారణం మాత్రం అది కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. 1529 ఏప్రిల్‌లో జర్మనీలో ష్పేయర్ అనే ఊళ్లో సామ్రాజ్య సభ, అంటే చక్రవర్తి కింద రాజులు, పట్టణాలు కూర్చునే సభ, జరిగింది. మత విషయాల్లో మెజారిటీ మా మీద నిర్ణయం రుద్దకూడదని లూథర్ వైపు రాజులు, పట్టణాలు ఏప్రిల్ 19న అభ్యంతరం రాసిచ్చారు. ప్రొటెస్టెంట్ అనే మాట పుట్టింది ఆ ప్రొటెస్ట్ నుంచే. సరిగ్గా నాలుగు రోజులకి, 23న, అదే సభ ఇంకో శాసనం చేసింది. మళ్లీ బాప్తిస్మం ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు, ఆడా మగా, బుద్ధి తెలిసిన వయసులో ఉంటే చాలు, నిప్పుతోనో కత్తితోనో మరణశిక్ష. చర్చి కోర్టు విచారణ కూడా అక్కర్లేదు. పసిబిడ్డకి బాప్తిస్మం ఇప్పించనివాణ్ణీ అదే లెక్కలో వేయాలి. ఒక దొర దగ్గర్నుంచి పారిపోయినవాడికి ఇంకో దొర ఆశ్రయం ఇవ్వకూడదు. దీనికి రెండు వైపులవాళ్లూ ఒప్పుకున్నారు. మా మనస్సాక్షి జోలికి రావొద్దని నాలుగు రోజుల కిందట సంతకం పెట్టిన చేతులే అవి.

పైగా ఇది కొత్తగా ఆలోచించి చేసిన చట్టం కూడా కాదు. ఆరో శతాబ్దం రోమన్ చక్రవర్తి జస్టీనియన్ చట్టాల్లో మళ్లీ బాప్తిస్మం ఇస్తే మరణశిక్ష అని ఉంది, అది ఉత్తర ఆఫ్రికాలో డోనటిస్టులనే చీలిక సంఘం మీద ఎక్కుపెట్టింది. వెయ్యేళ్ల తర్వాత దాన్ని దుమ్ము దులిపి వీళ్ల మీద వాడారు. అనాబాప్టిస్టు అంటేనే మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాడు అని, అది శత్రువులు పెట్టిన పేరు, ఆ పేరు తగిలిస్తే సెక్షన్ దానంతటదే తగులుతుంది. వాళ్లు మాత్రం తమని సహోదరులనే పిలుచుకున్నారు, చిన్నప్పటిది బాప్తిస్మమే కాదు, మాకిదే మొదటిది అనేవాళ్లు.

కంది_పొడి
లా పాయింట్ మేడమ్ దగ్గర తేదీలతో పెట్టుకోకూడదని ఈ గ్రూపులో పాతవాళ్లందరికీ తెలుసు, గుంటూరు గారు కొత్త పాపం 😀

గుంటూరు_లూథరన్
తేదీల విషయంలో నాదే తప్పండి, ఒప్పుకుంటున్నా. మ్యూన్‌స్టర్ ముందనుకున్నా.

ఫాతిమా_మాత_బిడ్డ
నేను ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్. జ్యూరిక్ గురించి, లూథర్ గురించే మాట్లాడుకుంటున్నారు గాని మా వైపు లెక్క ఇంకా పెద్దది. సాట్లర్‌ని చంపింది క్యాథలిక్ ఆస్ట్రియా ఏలుబడిలో, పైగా ఆయన ఒకప్పుడు మా మఠంలో సన్యాసి, మఠాధిపతి తర్వాతి పదవిలో ఉన్నవాడు. బాల్తజార్ హూబ్‌మయర్ మా దగ్గర చదివిన డాక్టరేట్ పండితుడు, మత ద్రోహులని పేరు పెట్టి మనుషుల్ని కాల్చేవాళ్లే క్రీస్తుకి ఎదురెళ్తున్నారని 1524లోనే పుస్తకం రాశాడు. 1528 మార్చి 10న వియన్నాలో ఆయన్నే కాల్చారు. మూడు రోజులకి ఆయన భార్య ఎల్స్‌బెత్‌ని మెడకి రాయి కట్టి డాన్యూబ్‌లో పడేశారు. ఇంకో నాయకుడు యాకోబ్ హుట్టర్‌ని 1536లో ఇన్స్‌బ్రుక్‌లో కాల్చారు. జ్యూరిక్‌లో కొరడాలతో కొట్టి వెళ్లగొట్టిన బ్లౌరోక్ చివరికి 1529లో కాలిపోయింది కూడా మా టిరోల్‌లోనే. మొత్తం రెండు వేల పైచిలుకు మందిని చంపారని చరిత్రకారులు అంటారు, అందులో ఎక్కువ భాగం క్యాథలిక్ రాజుల కింద, నెదర్లాండ్స్‌లో, ఆస్ట్రియాలో. జ్ఞానస్నానం పేరుతో ఇంత జరిగిందని మాకు ఏ క్యాటికిజం క్లాసులోనూ చెప్పలేదు. చెప్పాల్సింది.

పెద్దమ్మాయి
ఇది ఎప్పుడో జరిగిన గొడవ కాదండి, మా ఇంట్లోనే జరిగింది, చంపుకోలేదు అంతే తేడా. మా చెల్లికి నెలల పిల్లప్పుడు చిలకరింపు బాప్తిస్మం. సంబంధం కుదిరాక అబ్బాయి వాళ్ల సంఘం పెద్దలు వచ్చి చిలకరిస్తే కుదరదు, ముంచితేనే పెళ్లి చేస్తాం అన్నారు. ఆ సంఘం పేరెందుకులెండి. మా నాన్న మంచం మీదనుంచి లేవలేదు రెండు రోజులు, అంటే ఆరోజు నేను నా బిడ్డని ఎత్తుకుని దేవుడి ముందు నిలబడింది ఉత్తిదేనా అని ఒకటే మాట. అమ్మ ఆయనకి అన్నం పెట్టలేక ఏడుపు. చివరికి మా చెల్లే చెప్పింది, పెళ్లి కోసం అయితే మునగను, పెళ్లి మానేసినా సరే అని. అబ్బాయి ఆమె పక్షం నిలబడ్డాడు, పెళ్లి ఇంకో చోట చేశారు. రెండేళ్ల తర్వాత తనంతట తనే వెళ్లి బాప్తిస్మం తీసుకుంది, నాన్నకి ముందే చెప్పి. ఆయనే తీసుకెళ్లాడు స్కూటర్ మీద.

పై పోస్టులు చదువుతుంటే నాకు మా నాన్న బాధ కూడా అర్థమవుతుంది, అప్పటి అమ్మానాన్నలూ భయపడే ఉంటారు బిడ్డ ఏ లోకానికీ చెందకుండా పోతుందేమోనని. కానీ ఆ భయం చేతికి కత్తి ఇస్తే ఎంతదూరం పోతుందో చూడండి.

జనన_మరణ_సెక్షన్
పెద్దమ్మాయి గారూ మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి.

ఒంగోలు_గిత్త
మా తాతల తరం అంతా బాప్టిస్టులే. 1878 జులై 3న గుండ్లకమ్మలో జాన్ క్లౌ దొర కాలంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అని మా దగ్గర పిల్లల నుంచి ముసలాళ్ల దాకా అందరికీ తెలుసు. అప్పుడు నీళ్లలోకి దిగినోళ్లని గట్టు మీద పోలీసులు పట్టుకోలేదు అనే సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు నేను, అది మామూలే అనుకున్నా. ఇంగ్లాండ్‌లో కూడా చంపారా వీళ్లని?

లా_పాయింట్
చంపారు. 1535లో లండన్‌లో పాతికమంది డచ్చివాళ్లని విచారించి 14 మందిని కాల్చారు, ఎనిమిదో హెన్రీ కాలం. 1575లో ఎలిజబెత్ రాణి కింద ఇద్దర్ని స్మిత్‌ఫీల్డ్‌లో కాల్చారు. అప్పుడు హతసాక్షుల చరిత్ర రాసిన జాన్ ఫాక్స్ రాణికి ఉత్తరం రాసి కాల్చొద్దని బతిమాలాడు, వాళ్ల నమ్మకం తప్పే అంటూనే. రాణి వినలేదు.

నల్లమల_నీడ
అందరూ చంపినోళ్లే అంటే ఎట్ల? చంపనోళ్ల గురించి గూడా చెప్పాల. జర్మనీలో హెస్సె ఏలిన ఫిలిప్ అని ఒగాయన ఉన్న్యాడు, లూథర్ పక్షమే, ష్పేయర్‌లో ప్రొటెస్ట్ చేసినోళ్లలో ఒగడు. శాసనం వచ్చినాక గూడా నమ్మకం కోసం మనిషిని చంపేది నాతో గాదన్న్యాడు. జైల్లో పెట్టినాడు, ఊరు దాటించినాడు, మెల్కియోర్ రింక్ అనే నాయకుణ్ణి ఏండ్లకేండ్లు జైల్లోనే ఉంచినాడు, అది తప్పే. కానీ తల మాత్రం తీయలే. 1538లో ఏం జేసినాడంటే స్ట్రాస్‌బుర్గ్ నుంచి మార్టిన్ బూసర్ అనే సంస్కర్తను పిలిపించి జైల్లో ఉన్నోళ్లతో కూర్చోబెట్టి మాట్లాడించినాడు. వాళ్లు ఏమన్న్యారంటే, మీ సంఘంలో ఎవరు నమ్మినోళ్లో ఎవరు నమ్మనోళ్లో తెలీదు, చిన్నప్పుడు నీళ్లు పోసి వదిలేస్తారు, ఆ పిల్లోడు పెద్దయినాక అడిగేవాడే లేడు, దానికే మేం బయటికొచ్చినాం అని. బూసర్ ఆ మాటలో నిజం ఉందనుకున్న్యాడు. 1539లో హెస్సెలో కొత్త పద్ధతి పెట్టినారు, పిల్లోళ్లు పెద్దయినాక వాక్యం నేర్చుకోని సంఘం ముందర నిలబడి నేను నమ్ముతాండానని నోటితో చెప్పల్ల. దాన్ని చూసి చాలామంది తిరిగి సంఘానికి వచ్చినారు. చంపిన చోట ఏం సాధించినారో, కూర్చోని మాట్లాడిన చోట ఏం జరిగిందో మీరే చూడండి.

గుంటూరు_లూథరన్
ఆగండి ఆగండి. అది కన్ఫర్మేషన్ కదా?

నల్లమల_నీడ
అదే.

గుంటూరు_లూథరన్
నేను పద్నాలుగేళ్లప్పుడు వేసవి సెలవులు మొత్తం కన్ఫర్మేషన్ క్లాసులో కూర్చున్నానండి. చిన్న క్యాటికిజం బట్టీ, తప్పితే పాస్టరుగారు చెవి మెలేసేవారు, చివరి ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని అందరి ముందు నిలబడి నమ్ముతున్నాను అని చెప్పా. అమ్మ పలావు చేసింది. ఆ పద్ధతి వెనకాల జైల్లో కూర్చున్న అనాబాప్టిస్టుల ప్రశ్న ఉందని 41 ఏళ్ల వయసులో ఈ గ్రూపులో తెలుసుకుంటున్నా.

ఇంకోటి కూడా చెప్పాలి, పాలమూరు తమ్ముడికి. మా ఆగ్స్‌బుర్గ్ విశ్వాస ప్రమాణం, 1530 నాటిది, అందులో అనాబాప్టిస్టులని ఖండిస్తున్నాం అని పేరు పెట్టి ఐదు చోట్ల ఉంది. లూథర్ సహచరుడు మెలాంక్తన్ వీళ్లకి మరణశిక్ష సరైనదే అని రాసిచ్చాడు, లూథర్ దాని కింద ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. 2010 జులైలో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ సభ మొత్తం మెనొనైట్లని క్షమాపణ అడిగింది. మా గుంటూరు సంఘం కూడా ఆ ఫెడరేషన్‌లో ఉన్నదే. అప్పుడు పేపర్లో చూసి పేజీ తిప్పేశాను. ఇప్పుడు నా తరఫున నేను అడుగుతున్నా తమ్ముడూ, క్షమించు.

పాలమూరు_పోరడు
అయ్యో అన్నా మీరేం జేసిన్రు. అట్లనకుండ్రి. మీరు ఇటు దిక్కు వస్తే మా ఇంటికి రావాలె, అంతే.

కంది_పొడి
పలావు ఎవరిది, గుంటూరుదా పాలమూరుదా, అది కూడా ఇప్పుడే తేల్చేయండి

కొత్త_ఆవకాయ
ఒట్టు విషయం ఎవరూ అనలేదు. బాప్తిస్మం ఒక్కటే కాదు గొడవ. కొండమీద ప్రసంగంలో ఒట్టు పెట్టుకోవద్దని ఉంది కాబట్టి వీళ్లు ప్రమాణం చేయరు. అప్పటి స్విస్ పట్టణాల్లో ఏటా ఊరంతా ఒకచోట చేరి ప్రమాణం చేయాలి, ఊరంటేనే ఆ ప్రమాణం. దానికి రానంటే రాజద్రోహం కిందే లెక్క. కత్తి పట్టం, కత్తి పట్టే పదవిలో కూర్చోం అని కూడా 1527 ఫిబ్రవరిలో ష్లైట్‌హైమ్‌లో రాసుకున్నారు, అది రాసింది పైన చెప్పిన సాట్లరే. 1529లో టర్కులు వియన్నా గోడల దాకా వచ్చేశారు, ఆ టైములో ఈ మాటంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఒట్టు అంటే డిర్క్ విల్లెమ్స్ గుర్తొస్తాడు నాకు. హాలండ్‌లో ఆస్పెరెన్ అనే చిన్న ఊరు, 1569. ఈయన నేరం తను బాప్తిస్మం తీసుకోవడం, తన ఇంట్లో ఇంకొందరికి ఇప్పించడం. జైలు నుంచి గుడ్డ పీలికలు ముడేసి తాడు చేసుకుని దిగి పారిపోయాడు. చలికాలం పోయే రోజులు, నీటి మీద మంచు పలచగా ఉంది, జైలు తిండికి చిక్కిపోయి ఉన్నాడేమో ఈయన బరువుకి పగల్లేదు, దాటేశాడు. వెనక తరుముకొచ్చిన భటుడి కింద పగిలింది. వాడు మునిగిపోతున్నాడు. డిర్క్ వెనక్కి తిరిగొచ్చి చెయ్యిచ్చి పైకి లాగాడు. భటుడికి వదిలేద్దామనే ఉంది, అవతలి గట్టు మీదనుంచి ఊరి పెద్ద అరిచాడు, నువ్వు చేసిన ప్రమాణం గుర్తుంచుకో అని. ప్రమాణం! పట్టుకున్నాడు. మే 16న ఊరి బయట కాల్చారు. ఆ రోజు తూర్పుగాలి గట్టిగా ఉండి మంట పై ఒంటికి అందలేదు, చాలాసేపు పట్టింది. పక్క ఊరు లేర్డమ్‌లో వాళ్లకి ఆయన ప్రభువా దేవా అని అరవడం డెబ్భైసార్లకి పైగా వినపడిందట. కోర్టు తీర్పు చివర్లో ఆస్తి రాజుగారికి జప్తు అని ఒక ముక్క.

పెద్దమ్మాయి
ఇది చదివాక ఇంకేం రాయబుద్ధి కావట్లేదు

జనన_మరణ_సెక్షన్
ఆవకాయ గారూ, జప్తు అనే ముక్క గమనించారు కదా, మాంట్స్‌కీ అదే, ఈయనకీ అదే. స్విస్ పట్టణం బెర్న్‌లో అయితే దాని చుట్టూ ఒక డిపార్ట్‌మెంటే నడిచింది. 1659లో వీళ్ల కోసం ప్రత్యేకంగా ఒక ఆఫీసు పెట్టారు, పట్టుకొచ్చేవాళ్లని జనం ‘టాయ్‌ఫర్ వేటగాళ్లు’ (టాయ్‌ఫర్ అంటే బాప్తిస్మం ఇచ్చేవాడు) అనేవారు, పట్టిస్తే బహుమానం. కొందర్ని గేలీ ఓడల్లో తెడ్డు వేసే బానిసలుగా పంపారు. 1571 తర్వాత బెర్న్ ఎవర్నీ తల నరకలేదు గాని ఫైళ్లు మాత్రం నూటయాభై ఏళ్లు కదులుతూనే ఉన్నాయి. 1710లో ఒక పడవ నిండా ఖైదీల్ని రైన్ ఏటి మీదుగా అమెరికాకి తోలేద్దామని పంపిస్తే డచ్ ప్రభుత్వం మా నేల మీదకి వచ్చినవాడు ఖైదీ కాదని విడిపించింది. అదే డచ్ నేల మీద నూటనలభై ఏళ్ల కిందట డిర్క్‌ని కాల్చారు.

ఆర్డరు రాసినవాడు ఎవర్నీ చేత్తో తోయలేదు, రిజిస్టర్ చూసి ఈ ఇంట్లో బిడ్డ పేరు లేదు అని చెప్పినవాడూ తోయలేదు. నా ముందు రోజూ ఎవరో ఒకరు నిలబడతారు పేరు తప్పు పడిందనో, అసలు ఎక్కలేదనో. నేను ఇకనుంచి వాళ్ల మొహం చూసి మాట్లాడతా.

లిమ్మత్_ఒడ్డున
డచ్చివాళ్లు మారడం ఎప్పుడంటే స్పెయిన్ రాజు మీద తిరుగుబాటులో. 1577లో మిడిల్‌బుర్గ్ పట్టణం ప్రమాణం చేయట్లేదని మెనొనైట్ల దుకాణాలు మూయిస్తే, ఆ తిరుగుబాటు నాయకుడు ఆరెంజ్ విలియం కల్పించుకుని వాళ్ల అవును అనే మాటనే ప్రమాణంగా తీసుకోండి అని రాశాడు. ఊరేం కూలిపోలేదు, ప్రమాణం చేయనివాళ్లు కూడా పన్ను కట్టారు, వ్యాపారం చేశారు.

మొరావియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, ఇంకా ముందే తెలిసింది అక్కడి దొరలకి. హుట్టరైట్లు, అంటే పైన చెప్పిన హుట్టర్ పక్షంవాళ్లు, కుండలు, కత్తులు, వైద్యం అన్నిట్లో పనిమంతులు, వాళ్లుంటే ఎస్టేట్లకి ఆదాయం. పైనుంచి రాజు ఫెర్డినాండ్ తరిమేయమని ఆర్డర్లు పంపుతుంటే కింద దొరలు సరే సరే అంటూ దాచుకునేవాళ్లు. 1622లో చివరికి తరిమేశారు.

పాలమూరు_పోరడు
అందరికీ దండం. మూడు దినాల సంది గిదే సదువుతున్న. మా తాతకు ఒక్కొక్క పోస్టు సదివి వినిపించిన, తాతకు 84. తాత చెప్పినదాన్ని మీరు చెప్పినదాంతోని కలిపితె గిట్ల ఉన్నది. మెనో మనుషులు హాలండ్ నుంచి పోలండ్ దిక్కు పోయిన్రు, ఆడికెల్లి రష్యా రాణి క్యాథరిన్ పిలిస్తే యుక్రెయిన్‌కు పోయిన్రు. ఆడ 1860ల మా ఎం.బి. సంఘం పుట్టింది, గప్పుడే ముంచుడు బాప్తిస్మం ఖాయం చేస్కున్నరు. ఆ సంఘంకెల్లి అబ్రహాం ఫ్రీసెన్ దొర, ఆయన భార్య మరియమ్మ 1889ల మన దేశం వచ్చి నల్గొండల పని మొదలువెట్టిన్రు. 1899ల అమెరికా ఎం.బి. వాళ్లు హైదరాబాద్ వచ్చిన్రు. తర్వాత మా పాలమూరు, వనపర్తి, దేవరకొండ, జడ్చర్ల దవాఖాన, అన్నీ. తాత పుట్టింది ఆ జడ్చర్ల దిక్కే.

తాత అన్నీ విన్నడు. డిర్క్ దగ్గర ఒకసారి ఆపమన్నడు, నీళ్లు తాగిండు, మళ్ల సదువు అన్నడు. అయిపోయినంక ఒక్కటే అడిగిండు, ఆ ఏరు ఎంత లోతుంటదిరా అని. నాకు తెల్వదు అన్న. జ్యూరిక్ అన్నను అడిగి చెప్తనన్న.

లిమ్మత్_ఒడ్డున
తాతకి చెప్పు, ఆ గట్టు దగ్గర నీళ్లు తేటగా ఉంటాయి, ఎండ ఉన్న రోజు అడుగున రాళ్లు కనపడతాయి. లోతెంతో కొలిచి చెప్పలేను గాని జనవరి 5న మధ్యాహ్నం వెళ్లి నిలబడతా. చెయ్యి పెట్టి చూసి ఎంత చల్లగా ఉందో ఆయనకే ఫోన్ చేసి చెప్తా, నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు.